రూపాన్ని ధ్యానించాలా, రూపం లేనిదాన్నా? ఇంట్లో సాధన చేసుకునేవారికి సమగ్ర మార్గదర్శి

మార్గళి నెల (తమిళుల ధనుర్మాసం) వస్తే చెన్నై సంగీత సభల్లో త్యాగరాజస్వామి ప్రశ్న ఒకటి రీతిగౌళ రాగంలో ఏటా వినిపిస్తూనే ఉంటుంది: ద్వైతము సుఖమా, అద్వైతము సుఖమా? ఆయన తెలుగులో అడిగాడు, వినేవాళ్ళలో ఎక్కువమంది తమిళులు. ఈ ఊళ్ళో స్థిరపడిన మన తెలుగు ఇళ్ళలో అదే ప్రశ్న మరో తీరులో వస్తోంది. పూజగదిలో వేంకటేశ్వరస్వామి పటం ఉంటుంది. అమ్మ దాని ముందు కూర్చుని విష్ణుసహస్రనామం చదువుకుంటుంది. కొడుకో కోడలో అపార్ట్‌మెంట్‌లో పెట్టిన ధ్యానం క్లాసుకు వెళ్ళి, "రూపం ఏదీ పెట్టుకోవద్దన్నారు, ఊరికే గమనించమన్నారు" అని చెబుతారు. అక్కణ్ణుంచి ఇంట్లో సందేహం మొదలు. పటం ముందు కూర్చోవడం అఆల దశా? రూపం లేని ధ్యానమే అసలు చదువా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇది వాదించి తేల్చుకునే విషయం కాదు. కూర్చుని, మన మనసు దేన్ని పట్టుకుంటే నిలుస్తుందో చూసి తేల్చుకోవాలి. రూపంతో కూర్చునేవాళ్ళలో చాలామంది ఆ రూపాన్ని నిజంగా చూడరు. పటం ఉందన్న ధైర్యంతో కళ్ళు మూసుకుని వేరే ఆలోచనల్లో ఉంటారు. నిరాకారమని కూర్చునేవాళ్ళలో చాలామంది తెలియకుండానే ఒక రూపాన్ని పట్టుకుని ఉంటారు, వెలుగునో, నీలాకాశాన్నో, కళ్ళ వెనక చీకటినో. ఈ రెండూ సరిదిద్దుకుంటే చాలావరకు దారి దానంతటదే తెలుస్తుంది. కింద రాసిందంతా దానికోసమే.

ముందుగా శాస్త్రం మాట

బృహదారణ్యకోపనిషత్తు రెండో అధ్యాయంలో, బ్రహ్మానికి మూర్తం (ఆకారం ఉన్నది), అమూర్తం (ఆకారం లేనిది) అని రెండు రూపాలున్నాయని ఒక బ్రాహ్మణం, అంటే ఒక భాగం, మొదలవుతుంది. "నేతి నేతి" (ఇది కాదు, ఇది కాదు) అన్న ప్రసిద్ధమైన మాట వచ్చేదీ అందులోనే. అంటే ఉపనిషత్తు రూపాన్ని పక్కకు నెట్టి మొదలుపెట్టలేదు. దాన్ని ఒప్పుకుని, ఆ తర్వాత అక్కడితో ఆగవద్దంది.

భగవద్గీత 12వ అధ్యాయం సూటిగా ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది. నిన్ను భక్తితో ఉపాసించేవారు మేలా, అక్షరమైన (నాశనం లేని) అవ్యక్తాన్ని, అంటే ఇంద్రియాలకు అందనిదాన్ని, ఉపాసించేవారు మేలా అని అర్జునుడు అడుగుతాడు. నాలో మనసు నిలిపినవారే శ్రేష్ఠులని కృష్ణుడు అంటాడు. అవ్యక్తాన్ని ఉపాసించేవారూ నన్నే చేరతారనీ అంటాడు. 5వ శ్లోకంలో మాత్రం ఒక హెచ్చరిక ఉంది: అవ్యక్తంలో మనసు పెట్టినవారికి క్లేశం ఎక్కువ, దేహం ఉన్నవారికి ఆ గతి కష్టంతో దొరుకుతుంది. ఆ దారి తక్కువదని అనలేదు, కష్టమన్నాడు. కారణం దేహం. ఆకలి, మోకాలి నొప్పి, ఎవరో అన్న మాట తగిలిన బాధ, ఇవన్నీ "నేనే" అనుకుంటున్నంత కాలం, ఏ ఆకారమూ లేనిదాని మీద మనసు నిలపమంటే అది ఎక్కడ నిలుస్తుంది?

ఆచార్యులు ఇక్కడ వేరు పడతారు, ఆ తేడాను దాచడం మంచిది కాదు. శంకరుల దారిలో సగుణోపాసన (రూపగుణాలున్న దైవాన్ని ధ్యానించడం) చిత్తాన్ని శుద్ధిచేసి, ఏకాగ్రం చేసి, నిర్గుణ జ్ఞానానికి (గుణాలూ రూపమూ లేని బ్రహ్మాన్ని తెలుసుకోవడానికి) సిద్ధం చేస్తుంది. చెన్నైకి దగ్గర్లోని శ్రీపెరుంబుదూరులో పుట్టిన రామానుజుల దారిలో భగవంతుడి దివ్యమంగళ విగ్రహం మన మనసు కోసం కల్పించుకున్న ఆసరా కాదు. అది నిత్యం, సత్యం. కాబట్టి శ్రీవైష్ణవ సంప్రదాయంలో ఉన్నవారికి రూపాన్ని దాటే మెట్టు అవసరమే లేదు. వాళ్ళు కింద చెప్పబోయే నాలుగో మెట్టులోనే, రూపధ్యానంలోనే, జీవితమంతా ఉండవచ్చు, అందులో లోటేమీ లేదు.

ఇక "రూపం కల్పితమే కదా, కల్పితాన్ని ధ్యానిస్తే నిజం ఎలా దొరుకుతుంది" అనేవారికి విద్యారణ్యుల పంచదశిలో, ధ్యానదీప ప్రకరణంలో మంచి సమాధానం ఉంది. ఇద్దరు దూరాన వెలుగు చూసి మణి అనుకుని పరుగెత్తారు. ఒకడు చూసింది దీపపు కాంతి, ఇంకొకడు చూసింది మణి కాంతి. కాంతినే మణి అనుకోవడం ఇద్దరి విషయంలోనూ భ్రమే. కానీ రెండోవాడికి మణి దొరికింది. ఉపాసన ఈ రెండో రకం భ్రమ అంటారాయన.

మొదటి మెట్టు: మీ మనసు ఎటు మొగ్గుతుందో చూసుకోండి

ఒక వారం రోజులు ఏ పద్ధతీ పెట్టుకోకుండా, పొద్దున పది నిమిషాలు ఊరికే కూర్చోండి. మనసు అలజడిగా ఉన్నప్పుడు అది తనంతట తాను దేని దగ్గరికి వెళ్ళి ఆగుతుందో గమనించండి. కొందరికి ఒక ముఖం. కొందరికి ఒక నామం. కొందరికి మాటలకూ బొమ్మలకూ మధ్య ఉండే ఖాళీ.

ఇంకో పరీక్ష ఇంతకంటే నమ్మకమైనది. ఆపద ముంచుకొచ్చినప్పుడు, ఆస్పత్రి వరండాలో, ఫోను అర్ధరాత్రి మోగినప్పుడు, మీ నోటి నుంచి ఏం వస్తుంది? "అమ్మా" అనో "వేంకటేశా" అనో వస్తే, మీ లోపల ఉన్నది రూపమే. మీరు ఎన్ని వేదాంత ప్రసంగాలు విన్నా సరే, అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఏ పేరూ రాకుండా, ఒక్కసారిగా లోపల నిశ్శబ్దం పరుచుకుని, జరుగుతున్నది చూస్తూ ఉండిపోయే స్వభావం ఉన్నవారు కొద్దిమంది ఉంటారు. వాళ్ళకు ఆరో మెట్టు, సూటిగా నిరాకార ధ్యానం, సరిపోతుంది. వాళ్ళను బలవంతంగా పటం ముందు కూర్చోబెట్టనక్కర్లేదు.

యోగసూత్రాల్లో పతంజలి దీన్ని ఎంతో ఉదారంగా చెప్పాడు: "యథాభిమతధ్యానాద్వా" (1.39). నీకు ఇష్టమైనదాన్ని ధ్యానించినా సరే. ఇష్టం అన్నది అక్కడ అర్హత. ఇతరుల ఇష్టం కాదు, నీ ఇష్టం.

రెండో మెట్టు: చోటు, వేళ, ఆసనం

దీనిమీద ఎక్కువ చెప్పను. గీత ఆరో అధ్యాయం ఆసనం మరీ ఎత్తూ, మరీ పల్లమూ కాకుండా ఉండాలంది. మడతపెట్టిన జంపఖానా, దానిమీద నూలు తువ్వాలు చాలు. మోకాళ్ళ నొప్పులున్నవారు కుర్చీలో కూర్చుని, పాదాల కింద చాప వేసుకోండి. బ్రహ్మసూత్రాలు కూర్చుని ఉపాసించమంటాయి (4.1.7), వెంటనే దిక్కు, చోటు విషయంలో ఎక్కడ ఏకాగ్రత కుదిరితే అదే చోటు అంటాయి (4.1.11). తూర్పు ముఖమా, ఉత్తర ముఖమా అని ఫ్లాటు కొలతలు తీయక్కర్లేదు.

చెన్నైలో మాత్రం వేళ ముఖ్యం. సముద్రపు ఉక్క వల్ల ఏడు దాటితే చెమటతో దృష్టి నిలవదు. నాలుగున్నర, ఐదున్నర మధ్య గాలి కాస్త తేలిగ్గా ఉంటుంది. ఫ్యాను వేసుకోండి, ముఖానికి సూటిగా తగలనివ్వకండి. ఆడి మాసంలో (తమిళుల ఆషాఢం) అమ్మవారి గుళ్ళ మైకులు తెల్లవారకముందే మొదలవుతాయి. విసుక్కోకండి. ఆ చప్పుడు ఆరో మెట్టులో పనికొస్తుంది.

మూడో మెట్టు: ఒకే రూపాన్ని ఎంచుకుని, దాన్ని బాగా చూడండి

ఇక్కడ తొందర పడితే తర్వాత అన్నీ కష్టమే. పూజగదిలో పది పటాలుండవచ్చు, అందరికీ దండం పెట్టుకోవచ్చు. ధ్యానానికి మాత్రం ఒకే రూపం, ఒకే భంగిమ. ఇవాళ బాలకృష్ణుడు, రేపు లక్ష్మీనరసింహుడు, ఎల్లుండి లలితాంబిక అయితే మనసుకు అది సంచారమే అవుతుంది.

రూపానికి కొలతలు ఇచ్చేది ధ్యానశ్లోకం. లలితా సహస్రనామం ముందు "సిందూరారుణ విగ్రహాం" అనీ, విష్ణు సహస్రనామం ముందు "శాంతాకారం భుజగశయనం" అనీ చదివేది అందుకే. రంగు, కూర్చున్న తీరు, చేతుల్లో ఏముంది, ముఖంలో ఏ భావం, అన్నీ అందులో ఉంటాయి. మనం వాటిని గబగబా చదివేసి నామాల్లోకి వెళ్ళిపోతాం. కొన్నాళ్ళు ఆ ఒక్క శ్లోకమే చదివి ఆగండి. ఇంకో విషయం గమనించండి. సిందూర వర్ణపు రూపాన్ని అలా వర్ణించిన అదే స్తోత్రం లోపలికి వెళ్ళేసరికి అమ్మవారిని "నిర్గుణా", "నిరాకారా" అని కూడా పిలుస్తుంది. ఒకే పారాయణలో రెండూ ఉన్నాయి.

పటం కంటే గుడి మేలు. టీ నగర్ వెంకటనారాయణ రోడ్డులోని తిరుమల దేవస్థానం వారి గుడికి వెళ్ళేవారు చాలామంది ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు కోరికలు పక్కనపెట్టి, స్వామి కుడి చెయ్యి మాత్రమే చూసి రండి. అరచెయ్యి కిందికి, పాదాలను చూపిస్తూ ఉంటుంది. ఇంకోసారి నడుము దగ్గర ఉన్న ఎడమ చెయ్యి. ఇంకోసారి పాదాలు. ఒక్కో దర్శనానికి ఒక్కో అవయవం.

తిరువల్లిక్కేణిలో (ట్రిప్లికేన్‌లో) పార్థసారథి స్వామి గుడి దగ్గర ఇది ఇంకా బాగా కుదురుతుంది. అక్కడి మూలమూర్తి వేంకటకృష్ణుడు, మీసాలతో ఉంటాడు. చేతిలో శంఖం ఉంది, చక్రం లేదు. యుద్ధంలో ఆయుధం పట్టనని మాట ఇచ్చాడు కదా, ఆ మాట ఇప్పటికీ నిలబెట్టుకుంటున్నాడు. ఉత్సవమూర్తి ముఖాన్ని దగ్గరగా చూస్తే చిన్న చిన్న మచ్చలు కనిపిస్తాయి. భీష్ముడి బాణాల గాయాలంటారు. అర్జునుడికి తగలాల్సినవి సారథి ముఖాన తగిలాయి. ఆ మచ్చల్లో ఒక్కదాన్ని మనసులో పెట్టుకుని ఇంటికి వచ్చి కూర్చోండి. పట్టు కోసం మనసు వెతుక్కోదు. ఆ మచ్చ వెనక ఒక ప్రేమ ఉంది, అది మనసును పట్టి ఉంచుతుంది. రూపధ్యానంలో బొమ్మ ఎంత స్పష్టంగా వచ్చిందన్నది రెండో విషయం. దాని వెనక ఉన్న భావం తగిలిందా అన్నది మొదటిది.

నాలుగో మెట్టు: పాదాల నుంచి చిరునవ్వు దాకా

భాగవతం మూడో స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి ధ్యానం నేర్పుతాడు. పాదాల దగ్గర మొదలుపెట్టి, పిక్కలు, తొడలు, నాభి, వక్షం, భుజాలు, ముఖం, చూపు, చివరకు నవ్వు. ఒక అవయవం మీద మనసు నిలిచాకే తర్వాతిదానికి. నేటికీ ఇంతకంటే మంచి క్రమం నేను చూడలేదు.

ఇలా చేయండి. కూర్చుని, నెమ్మదిగా కొన్ని శ్వాసలు తీసుకున్నాక, ధ్యానశ్లోకం ఒక్కసారి పైకి చదవండి. కళ్ళు మూసుకోండి. హృదయ స్థానంలో స్వామి పాదాలు ఉన్నాయని భావించండి. మొత్తం రూపం తెచ్చుకోవడానికి ప్రయత్నించకండి. గోళ్ళు, అందెలు, పాదాల మీద ఒక తులసిదళం. అంతే. మనసు జారిపోయిందని తెలిసిన క్షణంలో, తిట్టుకోకుండా, మళ్ళీ తులసిదళం దగ్గరికి. చంచలమైన మనసు ఎక్కడెక్కడికి పోతే అక్కడక్కడి నుంచి తెచ్చి నిలపమని గీత (6.26) చెప్పింది ఈ పనే. ఆ తిరిగి తేవడమే సాధన. జారకుండా ఉండడం తర్వాత వచ్చే ఫలం.

మొదటి వారాలు పాదాల దగ్గరే గడిచిపోతే గడవనివ్వండి. పాదాలు నిలకడగా ఉన్నాయనిపించినప్పుడు పైకి వెళ్ళండి. ముఖం దాకా చేరాక, మిగతావన్నీ వదిలేసి నవ్వు ఒక్కదాని మీదే ఆగండి.

చాలామందికి బొమ్మ రాదు. ఇది పెద్ద భయం, కానీ అక్కర్లేనిది. పెరంబూరులో ఒక సత్సంగం అయ్యాక ఒకావిడ అక్కడి పెద్దాయన్ని అడగడం విన్నాను: "బాబాయిగారూ, కళ్ళు మూసుకుంటే అమ్మవారి ముఖం రావడం లేదండీ. చీర అంచు మాత్రం కనిపిస్తోంది." ఆయన వెంటనే, "అంచు చాలమ్మా, దాన్నే పట్టుకో. అమ్మ కొంగు పట్టుకున్న పిల్లకు ముఖం కనిపించకపోయినా అమ్మ అక్కడే ఉందని తెలుసుగా" అన్నాడు. అసలేమీ కనిపించనివారూ ఉంటారు. వాళ్ళు నామాన్ని పట్టుకోండి. ఎదురుగా స్వామి ఉన్నాడు, నేను పిలుస్తున్నాను, వింటున్నాడు అన్న భావంతో నామం నెమ్మదిగా నడవాలి. కనిపించకపోయినా ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడగలం కదా.

మానసపూజ: చేతులు లేని అర్చన

బొమ్మ నిలవనివారికి ఇది రాచబాట. నిలిచినవారికి ఇంకా రుచి. సెంట్రల్ నుంచి అరక్కోణం వైపు వెళ్ళే లోకల్ రైలెక్కితే తిరునిన్రవూరు వస్తుంది. అరవైముగ్గురు నాయనార్లలో (తమిళ శివభక్తులలో) ఒకరైన పూసలార్ ఊరు అది. గుడి కట్టాలని కోరిక, చేతిలో డబ్బు లేదు. అందుకని మనసులోనే కట్టడం మొదలుపెట్టాడు. పునాది, రాళ్ళు, శిల్పులు, గోపురం, కోనేరు, బావి, ప్రాకారం, ఒక్కొక్కటే, అసలు గుడికి పట్టినంత ఓపికతో. అదే సమయంలో కంచిలో పల్లవరాజు పెద్ద రాతిగుడి కట్టి కుంభాభిషేకానికి ముహూర్తం పెట్టాడు. శివుడు రాజుకు కలలో కనిపించి, ఆ రోజు నేను పూసలార్ గుడిలో ప్రవేశించాలి, నీ ముహూర్తం మార్చుకో అన్నాడు. రాజు వెతుక్కుంటూ వచ్చి చూస్తే ఊళ్ళో ఏ గుడీ లేదు. ఈ కథ నాయనార్ల చరిత్ర చెప్పే తమిళ గ్రంథం పెరియపురాణంలో ఉంది. అక్కడ ఇప్పుడున్న గుడిలో స్వామి పేరు హృదయాలీశ్వరుడు.

ఆ కథలో మనకు పనికొచ్చేది ఓపిక. మానసపూజలో అందరూ చేసే తప్పు వేగం. బయటి పూజలో బిందె నింపడానికి పట్టే సమయం లోపలా పట్టాలి. నీళ్ళు ఎక్కడివో అనుకోండి, కావేరి అనుకోండి, మీ ఊరి గోదావరి అనుకోండి. చల్లదనం చేతికి తెలియాలి. పాదాలు కడగండి. అభిషేకం చేయండి. పలచని వస్త్రంతో తుడవండి. గంధం మీరే అరగదీయండి. మల్లెలు మైలాపూర్ మాడవీధిలో కొన్నవే అనుకోండి, మూర బెత్తెడు కాదు, ఎంత కావాలంటే అంత! ధూపం, దీపం, నైవేద్యం. నైవేద్యం దగ్గర ఆగండి, స్వామి తింటున్నంతసేపు ఏమీ చేయకుండా చూస్తూ ఉండండి. చాలామందికి మనసు మొదటిసారి నిజంగా ఆగేది అక్కడే. చివర నమస్కారం చేసి, లేవకుండా కాసేపు కూర్చోండి.

ఐదో మెట్టు: రూపం నుంచి అరూపానికి

భాగవతం పదకొండో స్కంధం, 14వ అధ్యాయంలో కృష్ణుడు ఉద్ధవుడికి చెప్పిన రెండు శ్లోకాలు (43, 44) ఈ మొత్తం విషయానికి తాళంచెవి అని నా నమ్మకం. అన్ని అవయవాల మీద పరుచుకున్న చిత్తాన్ని వెనక్కు లాగి నవ్వుముఖం ఒక్కదాని మీద నిలుపు. అక్కడ నిలదొక్కుకున్నాక దాన్నీ లాగి ఆకాశంలో నిలుపు. ఆ తర్వాత దాన్నీ విడిచి, నాలో నిలిచి, ఏమీ ఆలోచించకు. రూపం, ఆకాశం, ఆ పైన ఏదీ కాదు. మూడు అడుగులు.

ఎప్పుడు ఈ అడుగు వేయాలి? రూపం ప్రయత్నం లేకుండా నిలుస్తున్నప్పుడు. నామం దానంతటదే పలచబడి, మళ్ళీ పలకకపోవడం బద్ధకంగా కాక తృప్తిగా అనిపిస్తున్నప్పుడు. విసుగు పుట్టి వదిలేయడం ఈ అడుగు కాదు. విసుగుతో వదిలితే మిగిలేది శూన్యం, లేదా నిద్ర.

పద్ధతి దృగ్దృశ్యవివేకం అనే వేదాంత గ్రంథంలో ఉంది. ప్రతి వస్తువులోనూ ఐదు అంశాలున్నాయంటుందది: ఉండడం, తెలియడం, ప్రియంగా ఉండడం, రూపం, నామం. మొదటి మూడూ బ్రహ్మం, చివరి రెండూ జగత్తు. స్వామి ముఖం లోపల నిలిచి ఉన్నప్పుడు ముందు పేరు వదలండి. "ఈయన ఫలానా" అన్న మాట తీసేయండి. తర్వాత గీతలు, రంగు పలచబడనివ్వండి. చెరిపేయడానికి బలం వాడకండి, చూడడం ఆపితే అవే పలచబడతాయి. ఏం మిగిలింది? "ఉంది" అన్నది మిగిలింది. అది తెలుస్తోంది. అది ప్రియంగా ఉంది. ఆ ప్రీతి ముఖంతో పాటు పోలేదు. అందులో ఉండండి. పోయిందనిపిస్తే మళ్ళీ ముఖం దగ్గరికి రండి, సిగ్గుపడాల్సిన పనిలేదు.

ఈ అడుగు అందరికీ మెత్తగా జరగదు. రామకృష్ణ పరమహంస తోతాపురి దగ్గర అద్వైత సాధన చేస్తున్నప్పుడు, ఎంత ప్రయత్నించినా కాళీమాత రూపం ఎదుట నిలిచి కదలలేదు. తోతాపురి ఒక గాజుముక్కను ఆయన కనుబొమల మధ్య గుచ్చి, ఇక్కడ మనసు నిలుపు అన్నాడు. అప్పుడు వివేకమనే కత్తితో ఆ రూపాన్ని రెండుగా ఖండించానని, ఇక అడ్డు లేకపోయిందని పరమహంస చెప్పుకున్నారు. అంతటి ప్రేమ ఉన్నవాడికి కనుక అంతటి కత్తి కావలసి వచ్చింది. అయితే ఆ సమాధి తర్వాత ఆయన అమ్మను వదిలేయలేదు. మళ్ళీ ఆమె బిడ్డగానే మాట్లాడారు, పాడారు, ఏడ్చారు.

రెండో వైపు నుంచి కూడా రాకపోకలున్నాయి. మనకు నోటికొచ్చిన పోతన గజేంద్రమోక్షం గుర్తు చేసుకోండి. ఏనుగు ఏ రూపాన్నీ పిలవలేదు. ఎవ్వనిచే జనించు జగము అంది, పెంజీకటికి అవ్వల ఏకాకృతి వెలుగువాణ్ణి అంది. పిలుపు అరూపానికి. సిరికి కూడా చెప్పకుండా, శంఖచక్రాలు సంధించుకోకుండా పరుగెత్తుకొచ్చింది రూపం.

ఆరో మెట్టు: సూటిగా నిరాకారంలోకి

ఇక్కడ మొదటి జాగ్రత్త: వెలుగును ఊహించుకోవడం నిరాకార ధ్యానం కాదు. తెల్లని కాంతి, అనంతమైన సముద్రం, నక్షత్రాల ఆకాశం, ఇవన్నీ రూపాలే. వాటికి కళ్ళూ నవ్వూ లేవు, కాబట్టి మనసు వాటిమీద ఇంకా తక్కువసేపు నిలుస్తుంది. నిరాకారం మీద కూర్చోవడమంటే దేన్నో చూడడం కాదు, చూస్తున్నదాని వైపు తిరగడం.

సులువైన పద్ధతి చప్పుళ్ళతో మొదలవుతుంది. ఇందాక చెప్పిన ఆడి మాసపు మైకు, కింద పాలవాడి బండి, పక్కింటి మిక్సీ. అవి తెలుస్తున్నాయి, తెలుసుకునేది వాటిలో లేదు. తర్వాత శరీరం: తిమ్మిరి, ఉక్క, శ్వాస. ఇవీ తెలుస్తున్నాయి. తర్వాత ఆలోచనలు: ఆఫీసులో జరిగింది, పిల్లల ఫీజు. ఇవీ తెలుస్తున్నాయి, వచ్చి పోతున్నాయి. తెలుస్తున్నవన్నీ దృశ్యం, అంటే చూడబడేవి. "నేతి నేతి" అంటే వాటిని తరిమేయడం కాదు, ఇది నేను కాదని గుర్తించి వదిలేయడం. ఆ తర్వాత మిగిలే ఎరుకను పట్టుకోబోకండి. పట్టుకోవడానికి వీలైతే అదీ దృశ్యమే.

రెండో పద్ధతి ప్రణవం, అంటే ఓంకారం. మాండూక్యోపనిషత్తులో ఉన్నవి పన్నెండు మంత్రాలే. అకార, ఉకార, మకారాలు చెప్పి, చివర మాత్ర (అక్షరపు కొలత) లేని నాలుగోదాన్ని చెబుతుంది. ఓంకారాన్ని దీర్ఘంగా, మెల్లగా పలకండి. మకారం ముగిసే చోట చెవి పెట్టండి. తర్వాతి ఓంకారానికి తొందరపడకండి. ఆ మధ్యలో ఉన్నది పొడవు పెంచుకుంటూ పోతుంది.

మూడోది అరుణాచల రమణ మహర్షి దారి: ఈ ఆలోచన ఎవరికి? నాకు. ఆ నేను ఎవరు? ప్రశ్నకు మాటల్లో జవాబు చెప్పుకోకూడదు, "నేను" అన్నది ఎక్కడ పుడుతోందో అక్కడికి వెళ్ళాలి. ఆయనకు భగవాన్ రమణ మహర్షి అని 1907లో పేరు పెట్టింది మన కావ్యకంఠ గణపతి ముని. మహర్షి స్వయంగా తెలుగులో కూడా అందించిన ఉపదేశసారం చదవండి. పూజ, జపం, ధ్యానం ఒకదానికంటే ఒకటి ఉత్తమమని వరుసగా చెప్పి, తర్వాత విచారానికి, అంటే "నేనెవరు" అన్న పరిశీలనకు, వస్తారు. విచారం బోధించిన మహర్షి కూడా పూజను కొట్టిపారేయలేదు.

రెండూ ఒకచోట చూడాలంటే

ఎగ్మూరు నుంచి రైల్లో నాలుగైదు గంటల ప్రయాణంలో చిదంబరం ఉంది. అక్కడి నటరాజస్వామి గుడి గర్భగృహమైన చిత్సభలో ఒకే చోట మూడు ఉంటాయి. నటరాజు రూపం. స్ఫటికలింగం, రూపమూ అరూపమూ కలిసినది. పక్కన తెర, ఆ తెర తీస్తే బంగారు బిల్వదళాల మాలలు, వాటి వెనక ఖాళీ. అదే రహస్యం, ఆకాశలింగం. తెర తీసే క్షణం కోసం తోసుకుని వెళ్ళకండి. ముందు నటరాజు ఎత్తిన పాదం చాలాసేపు చూడండి, తర్వాత లింగం, ఆ తర్వాతే తెర వైపు. ఆ వరుసే ఐదో మెట్టు.

అంత దూరం వెళ్ళలేనివారికి మన ఊళ్ళోనే తిరువొట్టియూరు ఉంది, మెట్రో అక్కడిదాకా వెళుతుంది. అక్కడి ఆదిపురీశ్వరుడు ఏడాది పొడవునా కవచంతో ఉంటాడు. కార్తీక పౌర్ణమి సమయంలో మూడు రోజులు మాత్రం కవచం తీస్తారు. కప్పి ఉన్నప్పటి రూపమూ, ఆ కప్పు తీసినప్పటి తీరూ, రెండూ అక్కడే చూడవచ్చు.

అడ్డంకులు, వాటికి మందు

గౌడపాదుల మాండూక్యకారికలో (3.44, 45) ఇవి క్లుప్తంగా ఉన్నాయి. చిత్తం నిద్రలోకి జారితే మేల్కొలుపు, చెదిరితే శాంతింపజెయ్యి, లోపల దాగిన వాసనలతో (పాత సంస్కారాలతో) బిగుసుకుంటే తెలుసుకో, సమంగా ఉంటే కదపకు. అక్కడి సుఖాన్ని కూడా చప్పరిస్తూ కూర్చోకు.

నిరాకారం వాళ్ళకు ఎక్కువగా వచ్చేది మొదటిది. అరగంట తెలియకుండా గడిచిపోయి "సమాధి కుదిరింది" అనుకుంటారు. లేచాక తల బరువుగా, చిరాకుగా ఉంటే అది కునుకే. కళ్ళు సగం తెరవండి, వెన్ను సర్దుకోండి, కాసేపు నామం పైకి పలకండి. రూపం వాళ్ళకు ఎక్కువగా వచ్చేది రెండోది. పటం నుంచి గుడికి, గుడి నుంచి పార్కింగ్‌కి మనసు వెళ్ళిపోతుంది. అప్పుడు రూపాన్ని చిన్నది చేయండి, ఒక్క బొటనవేలు చాలు.

సుఖాన్ని చప్పరించడం రెండు వైపులా ఉంది. నిన్న కన్నీళ్ళొచ్చాయి, ఇవాళ రాలేదని బాధపడడం అదే. ఇక దర్శనాలు, కాంతులు, శబ్దాలు వస్తే ఎవరికీ చెప్పుకోకుండా మీ క్రమంలో మీరు ఉండండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. దిగులు, భయం, నిద్రలేమితో బాధపడుతున్నవారు నిరాకార ధ్యానంలో గంటల తరబడి కూర్చోవద్దు. అంతా మిథ్య అన్న మాట అలాంటి వేళ మనసును ఇంకా ఒంటరిని చేస్తుంది. వైద్యుణ్ణి చూడండి, మందులు ఆపకండి, మానసపూజ లాంటి ప్రేమతో నిండిన చిన్న సాధన చేయండి. మంత్రదీక్ష ఉన్నవారు గురువు చెప్పిన రూపాన్ని వారిని అడగకుండా మార్చవద్దు.

రోజువారీ క్రమం

పొద్దున అరగంట చాలు. మొదట కొన్ని నిమిషాలు శ్వాస, ధ్యానశ్లోకం. సగం సమయం రూపం లేదా మానసపూజ. మిగిలింది ఏమీ చేయకుండా కూర్చోవడం. రూపమే చాలనుకునేవారు ఆ చివరి భాగాన్ని నామంతో నింపండి. నిరాకారం వాళ్ళు మధ్య భాగాన్ని ప్రణవంతో నింపండి. సాయంత్రం వీలైతే పది నిమిషాలు. ఎంచుకున్నదాన్ని కనీసం ఒక ఏడాది మార్చకండి. చాలాకాలం, ఎడతెగకుండా, ఆదరంతో చేస్తేనే అభ్యాసం గట్టిపడుతుందని పతంజలి మూడు షరతులు పెట్టాడు (1.14). మూడోది అందరూ మర్చిపోతారు.

అసలు కూర్చోలేని రోజులుంటాయి. జ్వరం, ప్రయాణం, ఇంట్లో చావుపుట్టుకలు. గీత 12వ అధ్యాయమే దీనికి దారి చూపింది, 8 నుంచి 11 శ్లోకాల దాకా. మనసు నాలో నిలపలేకపోతే అభ్యాసం చెయ్యి. అదీ కాకపోతే నా కోసం పని చెయ్యి. అదీ కాకపోతే చేసేదాని ఫలం వదిలెయ్యి. అలాంటి రోజు పూజసామాను తోమండి, దీపంలో నూనె పొయ్యండి, లేదా పక్కింటి ముసలావిడకు మందులు తెచ్చి పెట్టండి, ఆమె ఏమంటుందోనని చూడకుండా వచ్చేయండి.